నాబోర్ చేతుల కాయలు

సాన్ హసింతోలో నాబోర్ అంత సోమరి లేడు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. అతని అరచేతులు అలాంటివి: మినుములు చల్లినట్టు నిండా గట్టి కాయలు. పెళ్లి అడగబోయిన రోజున ఒతీలియా తండ్రి ఆ చేతులు తడిమి చూసి, "చాలు నాయనా, పొలం ఎంతని అడగను" అని పిల్లనిచ్చాడు. సరిహద్దు అవతల పదేళ్లు పత్తి తీశానని నాబోర్ చెప్పేవాడు. నిజానికి ఇవతలే, లగూనా ప్రాంతం దాటకుండా ఓ సినిమాహాల్లో టికెట్లు చింపాడు.

ఇక ముప్పై ఏళ్లు నడుంనొప్పి పేరుతో ఊరి పంపు పక్కన, మెస్కీట్ చెట్టు నీడలో కుర్చీ. మాట్లాడితే దాహం వేస్తుంది. అందరికంటే ఎక్కువ నీళ్లు తాగింది అతనే. పూర్వం రాజుకు పాషాణం పెట్టాలంటే వంటవాణ్ణి కొనాలి, వడ్డించేవాణ్ణి బెదిరించాలి. లగూనా నేలకు ఆ తంటా లేదు. లోతుకు తవ్విన కొద్దీ రుచీ వాసనా లేకుండా అదే ఊరుతుంది.

తొరెయోన్ పట్నం నుంచి వచ్చిన డాక్టరమ్మ బెలెన్ అతని చేతులు చూసింది. చెప్పులు విప్పించింది. అక్కడా అవే కాయలు.

"అరికాళ్లతో కూడా పత్తి తీశావా తాతా?"

నాబోర్ కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"ఇది నీళ్లలో పాషాణం, ఆర్సెనిక్. ముదిరితే పుండవుతుంది, కాన్సరవుతుంది. మీ ఆవిడ చేతికీ మొదలైంది."

ఆదివారం బడిలో ఊరు కూడింది. పంపు మూసేయాలని డాక్టరమ్మ అంటే, పెద్దమనిషి ఎవారిస్తో నవ్వాడు. "పనిచేసే చేతికి కాయలు కాయవా అమ్మా? మా తాతలు తాగిన నీళ్లు." అందరూ అరచేతులెత్తి చూపారు. డాక్టరమ్మ నాబోర్ వైపు చూసింది. నాబోర్, విసనకర్ర పట్టిన ఒతీలియా చేతి వైపు చూశాడు. అక్కడా మూడు మినుపగింజలు.

లేచాడు. "నేనెప్పుడూ పని చెయ్యలేదు."

"ఆ వినయమే నిన్ను పాడు చేసింది బావా, కూర్చో" అన్నాడు ఎవారిస్తో.

"ఒట్టు. పార ఇవ్వండి."

ఇచ్చారు. అందరూ బడి పెరట్లోకి వచ్చారు. ఊరేగింపులో కొవ్వొత్తి పట్టినట్టు పట్టుకున్నాడు నాబోర్. రెండు దెబ్బలు వేశాడు. రెండోది సొంత చెప్పు మీద పడింది. 

"మరి ఆ కాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయిరా?" అన్నాడు ఎవారిస్తో, తన అరచేయి తిప్పి చూసుకుంటూ.

ఆ సాయంత్రమే పంపు పిడికి గొలుసు పడింది. మంచినీళ్లు ఇక లాస్ ఆనిమాస్ ఊరి నుంచి మోయాలి, మూడు కిలోమీటర్లు.

ఒతీలియా కావడి తెచ్చి గుమ్మానికి ఆనించింది. "మా నాన్న చేతులు చూశాడు గానీ, నేను నీ కుర్చీని చూస్తూనే ఉన్నా. లే."

మూడోనాడు అతని బొటనవేలి పక్కన బొబ్బ లేచింది. భార్యకు చూపించాడు, కొంచెం గర్వంగానే.

"ఇది మాత్రం నీదే" అని ఆమె సూది వెతికింది.