ఎడమ బూటు

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే ముందు నవ్వేది నేనే. నస్పూర్‌లో బొగ్గు లారీ నడుపుతాను. ఏ షిఫ్టులోనైనా ఒంటరిగా పోయి వచ్చేవాణ్ని, ఇన్నేళ్లలో ఏదీ నాకు ఎదురుపడలేదు. ఇప్పుడు కూడా దయ్యం ఉందని చెప్పడం లేదు. మా బాపు బూట్ల విషయంలో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు మిలిటరీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యాడు. వస్తూ వస్తూ ఒక జత నల్ల తోలు బూట్లు తెచ్చుకున్నాడు. జెండా పండుగ రోజు స్కూల్లో సెల్యూట్ చేయడానికి తప్ప వాటిని తొడిగేవాడు కాదు. అయినా ప్రతి ఆదివారం మేం చర్చికి పోయే ముందు వాటికి పాలిష్ పడాల్సిందే. పదేళ్ల వయసు నుంచి ఆ పని నాది.

అదో పెద్ద తతంగం. లేసులు తీయాలి. కుట్ల సందుల్లో దుమ్మంతా బ్రష్‌తో దులపాలి. పాలిష్ పలచగా పట్టించి, కాసేపు ఆగి బ్రష్ కొట్టాలి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. పాత బనీను గుడ్డ రెండు వేళ్లకు బిగించి చుట్టుకుని, డబ్బా మూతలో పోసుకున్న నీళ్లు ఒక్క చుక్క అద్దుకుని, బూటు ముందుభాగం మీద సున్నాలు చుట్టినట్టు రుద్దుతూ పోవాలి. అందులో మన ముఖం మనకు కనబడేదాకా ఆపకూడదు. నా పెళ్లయ్యాక నా భార్య చూసి, "గా బూట్లకు చేసే సేవల సగం నాకు చేస్తే చాలు" అని ఎత్తిపొడిచేది.

నేనూ మిలిటరీకి పోవాలనుకున్నాను. అనుకోవడమేమిటి, అదే ప్రాణంగా బతికాను. కరీంనగర్‌లో సెలక్షన్లు పెడితే పరుగు గట్టెక్కాను, మెడికల్ అయింది, రాత పరీక్షా బాగా రాశాను. ఉత్తరం కోసం నెలల తరబడి ఎదురుచూశాను. చివరికి బాపే సికింద్రాబాద్‌లో మిలిటరీ ఆఫీసుకు పోయి కనుక్కుని వస్తానన్నాడు. మిలిటరీ మనిషి, ఆయనకన్నా గట్టిగా ఎవరు అడగగలరు అనుకున్నాను.

మర్నాడు వచ్చి, "నీ పేరు రాలే బిడ్డా. ఇంక జర గట్టిగుండాల్సింది నువ్వు" అన్నాడు.

నేను సరిపోలేదని నమ్మాను. మళ్లీ పోయి పరుగెత్తే ధైర్యం రాలేదు. వయసు దాటిపోయింది, స్టీరింగ్ పట్టుకున్నాను. ఆ రోజుల్లోనే బాపు ఒక కొత్త నియమం పెట్టాడు. లోపలి అట్ట పాతబడింది, కదిలిస్తే చిరుగుతుంది, బూట్లలో చెయ్యి పెట్టొద్దన్నాడు. సరేనన్నాను.

నిరుడు వానాకాలంలో బాపు పోయాడు. ఆదివారం పాలిష్ మాత్రం నేను మానలేదు. ఆయన పోయిన నెలకు గమనించాను, కుడి బూటు వారమంతా మెరుస్తూ ఉంటే ఎడమది మర్నాటికల్లా మసకబారిపోతోంది. ఎవరో దగ్గరగా ఊపిరి వదిలినట్టు తెల్లటి పొర. చెమ్మ అనుకున్నాను. కానీ రెండూ ఒకే అరలో పక్కపక్కనే ఉన్నాయి. కొత్త డబ్బా కొన్నాను. గుడ్డ మార్చాను. ఎడమ బూటును కుడివైపు, కుడి బూటును ఎడమవైపు పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా ఎడమదే మసకబారింది. మూడు నెలలు ఇదే వరస.

చివరికి మంచిర్యాల బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దమనిషికి చూపించాను. ఆయన వేలితో గీసి చూసి, "తోలుకేం కాలే. లోపట అట్ట చెమ్మ పట్టిందేమో" అంటూ అట్ట పైకి లేపాడు. దాని కింద పాలిథిన్ కవరు. అందులో నాలుగు మడతల కాగితం.

నా పేరు మీద వచ్చిన కాల్ లెటర్ అది. ట్రైనింగ్‌కు హాజరు కావాల్సిన తేదీ దాటి పద్దెనిమిదేళ్లయింది.

ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. ఉత్తరం అవ్వ ముందు పెట్టి, నీకు తెలుసా అని అడిగాను. అవ్వ కొంగు మడతపెడుతూ చెప్పింది.

"తెలుసు కొడుకా. ఆయన దోస్తు పీనుగును పెట్టెల తెచ్చి, వాళ్లవ్వకు అప్పజెప్పి వచ్చిండు ఓసారి. గసోంటి దినం నాకు రావద్దన్నడు. ఎవ్వలకు చెప్పనని బైబిల్ మీద ఒట్టేయించుకున్నడు."

"మరి దీన్నెందుకు చింపెయ్యలే?"

"చెయ్యి రాలే ఆయనకు."

భయమైతే బాపు భయమని చెప్పాల్సింది. కాళ్లు పట్టుకుని బతిమాలినా నేను ఆగేవాణ్నేమో. నువ్వు పనికిరాలేదని చెప్పాడు. పద్దెనిమిదేళ్లు నా చేత్తోనే, ఉత్తరం దాచిన ఆ బూటుకు మెరుగు పెట్టించుకున్నాడు. ప్రతి జెండా పండుగకూ నా ఉత్తరం మీద నిలబడి సెల్యూట్ చేశాడు. అవ్వ అదంతా చూస్తూ నాకు అన్నం వడ్డించింది. ఎవరి మీద ఎక్కువ కోపం రావాలో కూడా నాకు తెలియలేదు.

ఆ రోజే పాలిష్ డబ్బా, బ్రష్, గుడ్డ అన్నీ చెత్తబండిలో వేశాను. బూట్లను ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి లారీ తాళాల గుత్తికి తగిలించుకున్నాను. ఆ గుత్తి పగలంతా నా జేబులో, పడుకుంటే దిండు కింద ఉంటుంది. బీరువాకు రెండో తాళంచెవి లేదు.

రెండు నెలల తర్వాత, ఒక ఆదివారం పొద్దున లారీ కాగితాల కోసం బీరువా తెరిచాను. కుడి బూటు మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. ఎడమది అద్దంలా మెరుస్తోంది. కొస మీద ఒక నీటి చుక్క ఇంకా ఆరలేదు. బీరువాలోంచి పాలిష్ వాసన గుప్పుమంది.

అవ్వకు వేళ్ల నొప్పులు, గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటుంది. నా భార్యకు ఆ వాసన సోకితేనే తుమ్ములు. ఇంట్లో పాలిష్ డబ్బానే లేదు. ఒళ్లు మండి, పొయ్యిలో బూడిద తెచ్చి ఆ బూటుకు పులిమి తాళం వేశాను. తర్వాతి ఆదివారానికి మళ్లీ మెరుస్తోంది. మళ్లీ పులిమాను. ఇప్పటికి పదకొండు ఆదివారాలు.

ఎవరు చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో నాకు అంతుబట్టలేదు. బాపే అయితే ఆయన చెప్పాల్సింది తప్పయిందన్న ఒక్క మాట, దానికి పాలిష్ ఎందుకు? మొన్న ఆదివారం బూడిద పులమలేదు. వంగి చూస్తే అందులో నా ముఖం స్పష్టంగా కనబడింది, నెరిసిన మీసంతో ఒక లారీ డ్రైవర్ ముఖం. బీరువా మూసి డ్యూటీకి పోయాను.