మంచి పళ్ళు అరగదీయించుకున్నాను

ముందు పళ్ళు కాస్త పచ్చగా ఉన్నాయని నిరుడు బ్యాంకాక్ వెళ్ళి వెనీర్లు, అంటే పళ్ళు కాస్త అరగదీసి వాటి మీద వేసే తెల్లటి పెంకులు, అతికించుకొచ్చాను. ఈ రోజు ఆఫీసులో జామకాయ కొరికితే ఒకటి ఊడి చేతిలోకొచ్చింది. అప్పట్లో వద్దని చెప్పిన మా దేవేంద్ర నగర్ పళ్ళ డాక్టరమ్మ దగ్గరికే సిగ్గు చంపుకొని వెళ్ళాను. ఆవిడ చూసి నిట్టూర్చింది.

"ఇంతలా అరగదీశారేంటమ్మా? మంచి పన్ను కదా!"

"మళ్ళీ మామూలుగా అవ్వదా మేడమ్?"

"నహీ అమ్మా. అరిగిన పన్ను పెరగదు. ఇక జిందగీ అంతా తొడుగులు మార్చుకుంటూ ఉండాల్సిందే."

బయటికొచ్చి స్కూటీ మీద కూర్చుని ఏడ్చాను. ఆ బ్యాంకాక్ క్లినిక్‌ని ఫోన్లో నవ్వుల ఫొటోలు చూసి ఎంచుకున్నాను. ఎంత అరగదీస్తారని ఒక్క మాటైనా అడగలేదు. ఇలా చేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, నేనొక్కదాన్నే తెలివితక్కువదాన్నని అనుకోవడం కష్టంగా ఉంది.