రాంగిటోటో దీవిలో ఒక ఆమెన్

2025 నవంబరు ఒకటి, శనివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు న్యూజిలాండ్‌లో మా ఊరు పాపటోయిటోయిలో బస్సెక్కాను. పట్టాల పనులని ఆ రోజు ట్రైన్లు ఆపేశారు, బదులు బస్సు. నా వయసువారికి టికెట్టు లేదు. గోల్డ్ కార్డు చూపిస్తే చాలు.

హెండర్సన్‌లోని తెలుగు సహవాసం వారు రాంగిటోటో దీవికి పిక్నిక్ వెళుతూ నన్ను ఉపన్యాసానికి పిలిచారు. నేను బైబిలు కళాశాలలో సంఘ చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. దుష్టుడైన రాజును ఎదిరించవచ్చా కూడదా అన్నదాని గురించి తొలినాటి ప్రొటెస్టెంట్లు ఏమనుకున్నారన్నది అంశం.

బస్సులో నా కాగితాలు చూసి పక్కసీటు ఫిజీ పెద్దాయన అదేమిటని హిందీలో అడిగాడు. వచ్చీరాని హిందీలో చెప్పాను. "మా ఫిజీలో ఉపన్యాసం లేకుండానే నాలుగుసార్లు ప్రభుత్వాన్ని కూలగొట్టారు" అన్నాడాయన.

రేవులో ఒకమ్మాయి, దీవికి పురుగూ కలుపూ చేరకూడదని, మా చెప్పులు బ్రష్షుతో తోమించి, సంచుల్లో చీమలూ విత్తనాలూ ఉన్నాయేమో వెతికింది. దీవికి తిండి బిగుతు మూతల డబ్బాల్లోనే తీసుకెళ్ళాలి. వెళ్ళేవారు గుర్తుంచుకోవాలి: అక్కడ దుకాణం లేదు, మంచినీళ్ళు లేవు, బస లేదు. ఆ రోజు చివరి బోటు రెండున్నరకు.

ప్రయాణం ఇరవై ఐదు నిమిషాలు. దీవి అంతా అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి. పిల్లలు శిఖరం ఎక్కివచ్చారు. నేను రేవుకు పది నిమిషాల దూరంలో చెట్టునీడన కూర్చున్నాను. శాంతి అనే అమ్మాయి నాతో ఉంది. ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో పని. "ఐదింటికి షిఫ్ట్ ఆంటీ. ఇప్పటికి రెండుసార్లు లేటయ్యా. ఇంకోసారైతే తీసేస్తామన్నారు."

ఒంటిగంటకు మాట్లాడడం మొదలుపెట్టాను. తొలి సంస్కర్తలు చెప్పింది సూటిగా ఉంది: ప్రభుత్వం దేవుడు పెట్టినది, లోబడాలి, దేవునికి విరుద్ధమైనది చెయ్యమంటే చెయ్యకూడదు, కానీ చెయ్యెత్తకూడదు. దెబ్బలైనా తినాలి, లేదా ఊరు విడవాలి. అధ్యక్షుడు దేవదానం గారు "ఆమెన్!" అని గట్టిగా అన్నారు.

తరువాత కేథలిక్ చక్రవర్తి ప్రొటెస్టెంట్ల మీదికి సైన్యంతో వస్తాడన్న భయం పుట్టింది. అప్పుడు జర్మనీ న్యాయవాదులు, చిన్న ప్రభువులను కూడా దేవుడే పెట్టాడు కదా, ప్రజలను కాపాడే కత్తి వారి చేతిలోనూ ఉంది కదా అన్నారు. జెనీవాలో ఒకాయన కూడా అదే తేల్చాడు: ప్రైవేటు మనిషి తిరగబడకూడదు, రాజుకు కళ్ళెం వెయ్యడానికి నియమించిన కింది అధికారి మాత్రం ఊరుకుంటే ప్రజలకు ద్రోహం చేసినవాడే.

దేవదానం గారు గడియారం చూసుకున్నారు. సామాన్యుడు కూడా తిరగబడవచ్చన్న స్కాట్లాండ్ ఆయన దగ్గరికి నేను వెళ్ళేలోపే లేచి, "లోబడి ఉండాలని ఆంటీ గారు చక్కగా చెప్పారు, భోజన ప్రార్థన చేద్దాం" అన్నారు.

అప్పుడు ఒకటీ నలభై. ఆయన ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవరు, డబ్బా మూత తియ్యరు. అది వారి కట్టుబాటు. ప్రార్థన ముందు ఇండియా కోసం, రాష్ట్రాల వారీగా. తరువాత న్యూజిలాండ్ మంత్రివర్గం. తరువాత వీసా రానివారు, పేరుపేరునా.

"ఆంటీ, రెండుంపావు అయింది. నేను ఆమెన్ అనేస్తా" అని శాంతి కళ్ళు మూసుకునే గొణిగింది.

"నువ్వు అనకూడదమ్మా, ప్రైవేటు మనిషివి."

"అయితే మీరనండి."

"నేను అతిథిని. అతిథి తిరగబడితే దాన్ని దండయాత్ర అంటారు. కోశాధికారి అనాలి. ఎన్నికైనవాడు."

కోశాధికారి ప్రకాశ్ నా వెనకే ఉన్నాడు. దేవదానం గారి భార్యకు తమ్ముడు. "నన్ను లాగకండి ఆంటీ. మా అక్క చంపేస్తది."

"ఊరుకుంటే ఏమవుతావో ఇందాక చెప్పాను."

"ప్రకాశన్నా, నా జాబ్!" అంది శాంతి.

దేవదానం గారు ఆస్ట్రేలియా ఎత్తుకున్నారు.

"ఆమెన్!" అన్నాడు ప్రకాశ్.

ముప్పైమంది ఒక్కసారే "ఆమెన్!" అన్నారు. అంత నిండైన ఆమెన్ నేను ఏ చర్చిలోనూ వినలేదు.

"ఎవరది? నేను ముగించలేదు."

"బోటు, బావా."

అప్పటికే అందరూ డబ్బాలు చంకన పెట్టుకుని పరుగు. శాంతి నా చెయ్యి పట్టి లాగింది. రేవు చేరేసరికి రెండూ ఇరవై తొమ్మిది. తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది. ప్రకాశ్ వెనక్కి పరిగెత్తి బావను తెచ్చాడు. రాజును ఆపమన్నారు గానీ దీవిలో వదిలెయ్యమని ఎవరూ రాయలేదు. బోటువాళ్ళు రెండు నిమిషాలు ఆగారు.

బోటులో ఇంకో చిక్కు. ప్రార్థన ముగియలేదు కాబట్టి ఎవరూ తినడం లేదు. ఒడిలో బిరియాని, ముఖంలో ఆకలి. ప్రకాశ్‌ను చెయ్యమంటే, "ఆపడం ఒకటి, ఆయన సీట్లో కూర్చోవడం ఒకటి. అది నా వల్ల కాదు" అన్నాడు. జెనీవా ఆయన విన్నా సంతోషించేవాడు.

సగం దూరం వచ్చాక కొసన ఒంటరిగా నిలబడ్డ దేవదానం గారు వచ్చి, ఒక డబ్బా మూత తానే తీసి, "ప్రభువా, స్తోత్రం. ఆమెన్" అన్నారు.

"ఇంత చిన్నది కూడా ఉందా అంకుల్?" అంది శాంతి, నోటినిండా బిరియానితో.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ లేరు. ఆ పాత పుస్తకాలలో కింది అధికారి హక్కు గురించి ఎన్నో పేజీలుంటాయి. ఆ అధికారి మర్నాడు ఎవరి ఇంట్లో భోంచేస్తాడో ఒక్క పంక్తి కూడా లేదు. పాఠం చెప్పినన్నాళ్ళూ నాకూ తోచలేదు. ఐదుకు పది నిమిషాలుండగా శాంతి ఫోన్ చేసింది: "లోపలికొచ్చేశా ఆంటీ."

నాలుగు వారాల తరువాత వేసిన లెక్క ఇది. పోయినవి: నల్లరాళ్ళ సందులో నా ఎడమ చెప్పు. పెరుగు డబ్బా ఒకటి, మూతతో సహా. నా ఉపన్యాసంలో స్కాట్లాండ్. దేవదానం గారి అధ్యక్ష పదవి. మర్నాడు ఆదివారమే రాజీనామా చేశారు. ప్రకాశ్‌కు అక్కగారింట్లో ఆదివారం భోజనాలు, ఇప్పటికి నాలుగు.

శాంతి ఉద్యోగం ఇందులో లేదు.