సద్ది కాపీ

మా సార్ పోయారన్న కబురు వచ్చేసరికి, నేను ఆయనకే ఒక ప్రశ్న పంపి జవాబు కోసం ఫోన్ చూస్తూ కూర్చున్నాను. అప్పటికే ఆయన పోయి గంట దాటిందట. ఆ గంటసేపూ నాకు ఆయన బతికే ఉన్నారు.

మందుల కంపెనీల కాగితాలను కంప్యూటర్ ద్వారా ఆసుపత్రులకు చేర్చడం సిద్దిపేటలో మా ఆఫీసు పని. ఆర్డర్లు, సరుకు చీటీలు, 'ఈ మందు వాడొద్దు, వెనక్కి పంపండి' అనే నోటీసులు. నాకు పని నేర్పింది సారే. ఒకసారి తెచ్చిన కాగితం నకలును సాఫ్ట్‌వేర్ తన దగ్గరే దాచుకుని, మళ్లీ అడిగితే అదే చూపిస్తుంది. దాన్ని మేమంతా క్యాష్ అంటే, సార్ మాత్రం సద్ది అనేవారు. "సద్ది తినొచ్చు బిడ్డా, గని ఎప్పుడు వండిన్రో అడగాలె." ఏ కాగితం తెరిచినా ముందు మూలన, ఆ నకలు ఎప్పుడు తెచ్చిందో చెప్పే టైమే చదివేవారు. ఆపైన ఫోన్ తీసి అవతలివాళ్లను అడిగేవారు. ఇదేం చాదస్తమని నేను చాటుగా నవ్వుకున్న రోజులున్నాయి.

నోటీసులు తెరుచుకోవడం ఆలస్యమవుతోందని ఒకసారి ఆసుపత్రులవాళ్లు మా ప్రాణాలు తోడేశారు. నేను నా తెలివంతా ఉపయోగించి, నకలును పది నిమిషాలకు బదులు రోజంతా దాచుకునేలా మార్చేశాను. ఇంకేముంది, కాగితాలు రెప్పపాటులో తెరుచుకున్నాయి! అందరూ భుజం తట్టారు. సార్ ఒక్కరే తెర వంక చూస్తూ, "గింత జల్ది ఎట్లొస్తుంది? నాకు భయమైతుంది" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన నోటీసుల జాబితా తెరిచి మూలన చూశారు. పొద్దుటి టైముంది. సద్ది తీసేయగానే, పిల్లలకెక్కించే ఒక రకం సెలైన్ వాడొద్దన్న నోటీసు బయటపడింది. అది వచ్చి రెండు గంటలైంది. ఆయన తిట్టలేదు, వరసగా ఫోన్లు కలిపారు. కొండపాకలో ఒక చిన్న ఆసుపత్రివాళ్లు ఎత్తలేదు. "నడువు" అని బండి తీశారు.

మేం వెళ్లేసరికి సీసా స్టాండుకు వేలాడుతోంది. నర్సు ఒక పాప చెయ్యి పట్టుకుని నరం వెతుకుతోంది. సార్ సీసా మీది నంబరు నోటీసులోదేనని చూసి, దాన్ని దించేశారు.

"ఏమైంది సారూ? గదెందుకు తీస్తున్రు?" అని తల్లి బెదిరిపోయింది.

"ఏం కాలేదు చెల్లె, సీసా మారుస్తున్రు" అన్నారు నెమ్మదిగా.

బయటికొచ్చాక, "ఇయ్యాల మనం పోయినం. రేపు ఎవలు పోతరు?" అన్నారు.

మర్నాడే నోటీసుల అడుగున ఒక కొత్త గడి పెట్టించారు: 'ఫోన్ ఎత్తకపోతే వెళ్లవలసిన మనిషి'. అందులో తన పేరే రాసుకున్నారు. నా తప్పు మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆ మేలు నేనెలా మరిచిపోతాను?

సార్ పోయాక మొదటిసారి, నిన్న మధ్యాహ్నం మళ్లీ అలాంటి నోటీసే వచ్చింది. ఒక ఆసుపత్రివాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. అడుగున గడిలో సార్ పేరుంది. పాత నకలేమోనని సద్ది తీసేసి మళ్లీ తెరిచాను. మూలన ఆ నిమిషపు టైమే ఉంది. పేరు మాత్రం ఆయనదే. మార్చవలసిన మేమెవరమూ మార్చలేదు.

బండి తాళం చేతిలోకి తీసుకున్నాను. అవతల ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.