చెరుకు పస్తులున్న ఏడు

ఎదుటి ప్రాణి కడుపు నిండిందంటే నమ్మకపోవడం మా మేనత్త భూమవ్వ జబ్బు. మొన్న ఎండాకాలంలో ఆమె పోయింది. బోధన్ దగ్గర వాళ్ల ఊరికి వెళ్లినప్పుడల్లా నేను బెల్టు వదులు చేసుకునే బస్సు దిగేవాణ్ని.

చెరుకుతోటకూ అదే మర్యాద. యూరియా, డీఏపీ ఒక బస్తా చాలంటే మూడు వేసేది. ఆ మేతకు చెరుకు ఏపుగా లేచి, నిలబడలేక ఒరిగి పడుకునేది. రసం మాత్రం చప్పన.

మట్టి పరీక్ష చేయించిన వ్యవసాయాధికారి నిరోష ఇంటికొచ్చి చెప్పింది: "అవ్వా, నీ భూమిల భాస్వరం పేరుకపోయింది. రెండేండ్లు డీఏపీ మాటెత్తకు."

"నా భూమిని ఉపాసం పండవెట్టుమంటవా? నీకు పిల్లలున్నరా బిడ్డా?"

"ఒక పాప ఉంది."

"అయ్యో పాపం!" అంటూ ఆ పిల్లకు తీపి గరిజెలు మూటగట్టి ఇచ్చింది.

తోట కింద కుంటలో జహూర్ చేపలు పెంచేవాడు. ఆ ఇంటికి అవే ఆధారం. వానలకు తోటలోని ఎరువు కుంటలోకి దిగి, నీళ్లు పాలకూర పప్పులా పచ్చబడ్డాయి. ఒక పొద్దున అత్త చూసేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తూ మూస్తున్నాయి.

"ఓ జహూరూ! గీటికి తిండి పెడ్తలేవారా?" అని తౌడు బస్తా ఈడ్చుకొచ్చి కుమ్మరించబోయింది.

జహూర్ పరుగున వచ్చి బస్తా పట్టుకున్నాడు. "ఆగవ్వా! ఆకలి కాదు, దమ్మాడ్తలేదు గాటికి! నీ ఎరువు తిని పాచి బలిసింది. గది మురిగి నీళ్లల్ల గాలంత తాగుతుంది."

"నేను పెట్టిన తిండికా?"

"నువ్వు పెట్టిన తిండికే."

మోటరు పెట్టి నీళ్లు చిమ్మించి సగం చేపల్ని దక్కించుకున్నాడు. చచ్చిన మిగతా సగాన్ని ఒడ్డుకు తీస్తుంటే అత్త తౌడు బస్తా మూతి బిగించి కట్టింది.

ఆ తర్వాత తోటకు గుప్పెడు ఎరువైనా వేయలేదు. "ఇంక పంట పోయినట్టే గదా అత్తా?" అన్నాను. "పోతే పోనీ. ఉన్న చేపలు గూడ సస్తే జహూర్ పిల్లలేం తింటరు?" అంది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మధ్యాహ్నం అన్నం మానేసి గట్టు మీద కూర్చుంటోందని జహూర్ కనిపెట్టాడు.

"గిదేందవ్వా?"

"నా చెరుకు పస్తులుంటే నాకు ముద్దెట్ల దిగుతదిరా?"

మర్నాడు అతను భార్య జహీరున్నీసా వండిన డబ్బా తెచ్చాడు. "నీ చెరుకు పాత తిండే అరిగించుకుంటుంది. నిరోష మేడం జూసి చెప్పింది. నువ్వు తిను."

అత్త తోటను అనుమానంగా చూసింది. ఆకు పచ్చగా ఉంది. ఎప్పుడూ లేనిది, గడలు నిటారుగా నిలబడ్డాయి. మూత తీస్తే చేపల పులుసు.

"కుంటలదేనా?"

"బతికినవాట్ల పెద్దది."

అత్త ముద్ద కలిపి ఆగింది. లేచి, తోటకు వీపు తిప్పి కూర్చుని, గొంతు తగ్గించి అంది:

"నువ్వు గూడ జర అడ్డం కూసోరా. అది జూస్తుంటే తిన సిగ్గయితుంది."