దిష్టిబొమ్మ దత్తత

ప్రమోషన్ వస్తే ఎవరైనా స్వీట్లు పంచుతారు. నేను స్క్రూడ్రైవరూ, పాత టూత్‌బ్రష్షూ, చెత్తసంచీ పట్టుకుని స్కూటీ ఎక్కాను. సత్తెనపల్లిలో ఏళ్ళ తరబడి ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పుకుంటున్న దాన్ని, ప్రిన్సిపాలుగా శ్రీకాకుళం వైపు వేశారు. ఆర్డరు చేతికందగానే నాకు గుర్తొచ్చింది సామాన్లు కాదు, నేను దాచిన డబ్బాలు.

డబ్బాలంటే కంగారుపడకండి. అదొక ఆట, జియోకాషింగ్ అంటారు. చిన్న డబ్బాలో కాగితం చుట్ట పెట్టి ఎక్కడో దాస్తాం. ఆ చోటు ఎక్కడో ఆట తాలూకు యాప్‌లో పెడతాం. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోను చూసుకుంటూ వచ్చి, వెతికి, కాగితం మీద సంతకం గీకి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టి పోతారు. "దీనివల్ల లాభమేంటి మేడమ్?" అని స్టాఫ్ రూములో అడిగేవాళ్ళు. లాభం లేని పని ఒక్కటైనా చెయ్యకపోతే మనిషి బతికేం లాభం అని నేనూ కసురుకునేదాన్ని.

ఊరు వదిలిపోయేవాళ్ళకి ఈ ఆటలో ఒక మర్యాద ఉంది. డబ్బాల్ని గాలికొదిలేసి పోకూడదు. దగ్గర్లో ఉండి చూసుకునే మనిషికి దత్తత ఇవ్వాలి. ఆ మనిషి దొరక్కపోతే యాప్‌లో దాని పేజీ మూసేసి, డబ్బాని మన చేత్తో మనమే పీకి పట్టుకుపోవాలి.

చిలకలూరిపేట హైవే పక్కన పెట్టింది ఎప్పుడో రోడ్డు పనుల్లో కలిసిపోయింది. కాలేజీ గోడ సందులో పెట్టింది లాగబోతే లోపల చీమలు కాపురం పెట్టి ఉన్నాయి. ఫిజిక్సు మేడమ్ గోడలో వేలు పెట్టి గంతులేస్తుంటే పిల్లలు ఫోన్లు తీశారు, వెధవలు. వేటపాలెం జీడిపప్పు కోసం వెళ్ళినప్పుడు అక్కడ దాచినదాన్ని, చీరాలలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఇదే పిచ్చి ఉన్న ఒకాయన దత్తత తీసుకున్నాడు. "బాగా చూసుకుంటానండి మేడమ్" అన్నాడు ఫోన్లో, కోడల్ని తీసుకెళ్తున్నవాడిలా. నేనూ అప్పగింతలప్పటి తల్లిలా జాగ్రత్తలు చెప్పాను, ఛీ.

ఇక మిగిలింది ఒక్కటి. తంటా అంతా దాంతోనే వచ్చింది.

అది మా ఇంటి ఓనరమ్మ మిరపచేలో, దిష్టిబొమ్మ తలలో ఉంది. ఆవిడ కింద, నేను పైవాటాలో. నేను పిన్నిగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను టీచరమ్మా అనేది. రోడ్డు పక్క గట్టు మీద కర్రకి పాత చొక్కా తొడిగి, పైన మసికుండ బోర్లించి, సున్నంతో కళ్ళూ కోరమీసాలూ గీయించింది. కుండ ఎత్తితే లోపల కర్రకి కట్టిన నా స్టీలు డబ్బా. పెట్టేముందే అడిగాను. "చేలోకి దిగకుండా గట్టు మీద నీ ఇష్టమొచ్చింది పెట్టుకో, నాకేంటి?" అంది.

మొదట్లో పెద్ద గొడవే అయింది. మా వైపు ఫోను చూసుకుంటూ గట్ల మీద తిరిగేవాడు అయితే రోడ్డు సర్వేకి వచ్చినవాడు, కాకపోతే రియల్ ఎస్టేట్ వాడు. బెంగుళూరు నుంచి డబ్బా వెతుక్కుంటూ వచ్చిన కుర్రాళ్ళని చుట్టుపక్కల చేలవాళ్ళు పట్టుకుని, "ఏవయ్యా, మా చేలోంచి రోడ్డేస్తన్నారా?" అని నిలదీశారు. పిన్నిగారే పరుగున వెళ్ళి విడిపించింది. "వదలండ్రా, దిష్టిబొమ్మని చూడ్డానికొచ్చారు వాళ్ళు!" అని అరిచింది. అరిచాక ఆ మాటే ఆవిడ బుర్రలో నాటుకుపోయింది.

అసలు బొమ్మ పెట్టేదే పరాయి చూపు చేను మీద పడకుండా బొమ్మ మీద పడాలని. రోడ్డున పోయేవాడు దాన్ని ఒకసారి చూసి పోతాడు. నా ఆటవాళ్ళు మాత్రం ఊళ్ళు దాటొచ్చి మరీ బొమ్మ మొహంలోకి గుడ్లప్పగించి చూస్తారు, పంట వైపు కన్నెత్తి చూడరు. ఆ ఏడు నల్లతామర పురుగు పక్క చేలని ఊడ్చేస్తే, పిన్నిగారి చేను తెరిపిన పడింది. వేళకి మందు కొట్టించారు కాబట్టి అని నేను చెప్పబోయాను. "ఆ మందు వాళ్ళూ కొట్టారుగా? వాళ్ళ బొమ్మల్ని చూసేవాడేడీ?" అంది. నా ఫిజిక్సు అక్కడితో ఆగిపోయింది.

అలాంటి డబ్బాని తీసేస్తానని చెప్పేసరికి ఆవిడ చెరుగుతున్న బియ్యం చేట కింద పెట్టేసింది.

"చేను పూత మీదుంటే బొమ్మ తల పీకుతావా? మతుండే మాట్లాడుతున్నావా టీచరమ్మా?"

"రూలు పిన్నిగారూ. చూసుకునే మనిషి లేకుండా ఉంచకూడదు."

"నేను మనిషిని కానా?"

డబ్బా పోతే వెంటనే ఇంకోటి పెట్టాలి, కాగితం తడిస్తే మార్చాలి, వచ్చినవాళ్ళకి ఫోన్లో జవాబులు రాయాలి, వాళ్ళకి దొరికేలాగా అందరికీ దొరక్కుండా దాచాలి, ఇదంతా మీవల్ల కాదన్నాను. ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పి లోపలికి పోయింది. నిజం చెప్పొద్దూ, ఆవిడకంటే నాకే ఎక్కువ బాధగా ఉంది. పెళ్ళీ గిళ్ళీ లేకుండా ఒంటిగా బతికినదాన్ని. వాటా ఖాళీ చేస్తే ఇంకొకళ్ళు దిగుతారు, క్లాసులోకి ఇంకొక మేడమ్ వస్తుంది. ఆ డబ్బా కూడా పీకేస్తే ఈ ఊళ్ళో నేను ఉన్నానన్న గుర్తు ఒక్కటీ మిగలదు. అలాగని తుప్పు పట్టి నా పేరున చెత్తగా పడుంటే అంతకన్నా సిగ్గు.

అందుకని లారీ వచ్చే ముందురోజు పొద్దున్నే, ఆవిడకి చెప్పకుండా చేలోకి వెళ్ళాను. దొంగలా అటూ ఇటూ చూసి కుండ ఎత్తాను. తాడు ఉంది, డబ్బా లేదు.

"ఏంటీ, దొరకలేదా?"

వెనక్కి తిరిగితే పిన్నిగారు. చేతిలో కూలీలకి తెచ్చిన క్యారేజీ.

"ఎక్కడ పెట్టారండీ?"

"వెతుక్కో. ఊళ్ళ మీది జనాన్నంతా వెతికించావుగా!"

నాకు ఒళ్ళు మండింది. నా డబ్బా, నా ఆట, నాకే పరీక్షా? బోరు దగ్గర చూశాను. మోటారు పెట్టె వెనక చూశాను. తుమ్మకంపలో చెయ్యి పెట్టి గీరుకుపోయాను. కలుపు తీసే ఆడవాళ్ళు నడుములు నిలబెట్టి మరీ చూస్తున్నారు. "అటు కాదు మేడమ్‌గోరో, ఇటు!" అని ఒకామె, "ఇటు కాదు, అటు!" అని ఇంకొకామె. ఆవిడ వాళ్ళందర్నీ ముందే తన జట్టులో కలిపేసుకుంది. చివరికి చెమటలు కారుతూ గట్టు మీద కూలబడి, "నావల్ల కాదు పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ తాపీగా క్యారేజీ విప్పింది. పైగిన్నెలో గోంగూర, మధ్యగిన్నెలో అన్నం. అడుగుగిన్నెలో నా స్టీలు డబ్బా.

"ఇప్పుడు చెప్పు, నాకు దాచడం వచ్చా రాదా?"

చేనంతా నవ్వు. నాకు కోపం రావలసింది, వచ్చిందల్లా నవ్వే. పక్కన కూర్చుని ఆవిడ సీరియల్స్ చూసే ఫోన్లోనే యాప్ ఎక్కించాను. పేరు అడిగితే "మిరపచేను అని పెట్టు" అంది. దత్తతకి ఒప్పుకుంటున్నాను అన్న బొత్తాన్ని, వేలు కొంగుకి తుడుచుకుని మరీ నొక్కింది. డబ్బా మళ్ళీ కుండ కిందికి చేరింది.

మర్నాడు లారీ కదలబోతుంటే, "నీ పాత చీరొకటి ఇచ్చిపో" అని అడిగింది. కళ్ళు చెమర్చాయి. మంచి నేతచీర తీసిచ్చాను.

"ఇదొద్దు. ఆ చిలకపచ్చది, గులాబీ అంచుది, ఆమడ దూరానికి కనపడుద్దే, అదియ్యి. దాని మీంచి ఎవరూ కళ్ళు తిప్పుకోలేరు."

వార్షికోత్సవాలకి కట్టుకునే చీర అది. అంత మెచ్చుకున్నాక కాదనలేక ఇచ్చాను. నన్ను తలుచుకుంటూ కట్టుకుంటుందనుకున్నాను. చెత్తబుట్టలో పారేసిన నా విరిగిన కళ్ళజోడు కూడా ఏరుకుంది. అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ?

కోతల కాలంలో, కొత్త కాలేజీలో కూర్చుని ఉండగా, డబ్బా వెతకడానికి వెళ్ళిన హైదరాబాదు దంపతులు యాప్‌లో రాసింది కనపడింది. డబ్బా చక్కగా ఉందట, కాగితం కొత్తదట. కాకపోతే ఓనరమ్మ వాళ్ళచేత ముందు ఒక సాలు మిరపకాయలు కోయించిగానీ కుండ ముట్టనివ్వలేదట. చేతులు ఇంకా మండుతున్నాయట. కింద ఫొటో పెట్టారు.

ఫొటోలో గట్టు మీద నేను నిలబడి ఉన్నాను. చిలకపచ్చ చీర, గులాబీ అంచు, కుండ మీద తాడుతో కట్టిన నా కళ్ళజోడు, చేతికి బెత్తం.

వెంటనే ఫోను చేశాను. "నన్ను దిష్టిబొమ్మని చేశారా పిన్నిగారూ!"

"నిన్ను చూశాక ఎవడన్నా చేను వంక చూస్తాడంటావా? ఈ ఏడు కాయ ఎంత ఎర్రగా ఉందో తెలుసా?" అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "రోజూ చేలోకి రాంగానే 'బాగున్నావా టీచరమ్మా' అని పలకరించాకే పనిలోకి దిగుతన్నా. కూలోళ్ళూ అంతే" అంది.

ఫోను పెట్టేసి, ప్రిన్సిపాలు గది తలుపేసుకుని ఏడ్చాను. ముక్కు తుడుచుకుని ఫొటోని ఇంకోసారి పెద్దది చేసి చూస్తే, కళ్ళజోడు కింద ఆ పాత కోరమీసాలు సరిగ్గా చెరపలేదని తెలిసింది. మళ్ళీ ఫోను చేసి తిట్టాను.