పారిస్‌లో ఉడకని అన్నం

మా అమ్మతో విదేశం వెళ్లడం కన్నా చంటిపిల్లల్ని చంకనేసుకుని కొండెక్కడం నయం. మలేసియాలో మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో బట్టలు సర్దుతుంటే రైస్ కుక్కర్ తెచ్చి పెట్టె మధ్యలో కూర్చోబెట్టినాది. "ఏటమ్మా ఇది? అక్కడ తిండి దొరకదా?" అన్నాను. "పొద్దున్నే అన్నం వండి పెట్టందే నేను మెతుకు ముట్టనని తెల్దా నీకు?" అన్నాది. తెలుసు. ఇంట్లో పూజ అలమరలో రాముడి పటం, పక్కనే పోయిన నాన్న ఫోటో. తొలి గరిటె అక్కడ పెట్టాకే ఆవిడ తిండి. ఆ రెండూ కూడా పెట్టెలోకి ఎక్కినాయి.

సైబర్‌జయలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా అన్నకి తెలియనిది లేదు. "యూరప్ అంతా ఒకటే లా," అని మలాయి యాసలో తేల్చేసి, అక్కడి ప్లగ్గులకని ఒక అడాప్టర్ కొని చేతిలో పెట్టినాడు. తీరా లండన్‌లో దిగి చూస్తే గోడకి మన ఇంట్లో ఉన్న మూడు బెజ్జాల ప్లగ్గే! కార్లూ మనలాగే ఎడమ పక్కనే. టాయిలెట్లో నీళ్ల గొట్టం ఒక్కటే లేదు, అదో ఖర్మ. ఇంక అడాప్టర్‌తో పనేటి? పారిస్‌కి బయల్దేరేటప్పుడు "పనికిమాలిన బరువు" అని అమ్మ దాన్ని హోటల్లోనే వదిలేసి, ఆ చోట్లో మనవలకి బిస్కెట్లు కుక్కినాది. నాకు చెప్పనైనా చెప్పలేదు.

పారిస్‌లో గోడకి రెండే బెజ్జాలు, గుండ్రంగా. కార్లు కుడి పక్క. అలవాటు కొద్దీ కుడివైపు చూసి రోడ్డు దాటబోతే ప్రాణం పోయినంత పనయింది. గొట్టం ఇక్కడా లేదు. మర్నాడు ఆదివారం, కొట్లు తెరవలేదు. అమ్మ సుగర్ మాత్ర మింగేసి, కడిగిన బియ్యం పట్టుకుని ప్లగ్గు కేసి చూస్తన్నాది. కింద హోటల్ వాళ్లనడిగితే అడాప్టర్ లేదని రొట్టె, రెండు పంచదార పొట్లాలు ఇచ్చినారు. నేను పైకొచ్చేసరికి అమ్మకి చేతులు వణుకుతున్నాయి, మొహం నిండా చెమట. రొట్టె తినమంటే తల అడ్డంగా ఊపినాది.

నాకు ఒళ్లు మండిపోయింది. "రాముడు ఒక పూట పస్తుంటే కొంపలేటీ మునిగిపోవు! నువ్వు పడిపోతే ఈ ఊర్లో నేనేటి సెయ్యాలి?" అని అరిచినాను.

"రాముడికి కాదే," అన్నాది నీరసంగా. "మీ నాన్నకి. ఆస్పత్రిలో ఆఖరి రోజు, ఆకలేస్తంది, ఇంత అన్నం పెట్టవే అని అడిగినారు. డాక్టర్ వద్దన్నాడని నేను పెట్టలేదు."

ఇన్నేళ్లూ ఆ మాట నాకు తెలీదు. ఏడుపొచ్చేసింది. రొట్టె తుంచి నాన్న ఫోటో ముందు పెట్టినాను. "నాన్నా, ఈ పూటకి ఇదే. నువ్వు తింటేనే అమ్మ తింటాది," అన్నాను.

అమ్మ ఫోటో వంకే చూసినాది. "పంచదార అద్ది పెట్టవే. వట్టి రొట్టె ఆయనకి గొంతు దిగదు," అన్నాది.

అద్ది పెట్టినాను. అప్పుడు నోరు తెరిచినాది.